బండికి సింగారం... బ్యాటరీకి భారం!

మగపిల్లలున్న ఇళ్లలో కొత్త బైకు కొన్న నెలకే అది పెళ్లికూతురైపోతుంది. ముందు రెండు పెద్ద లైట్లు, జంట హారన్లు, సన్నటి ఎల్‌ఈడీ ఇండికేటర్లు, హ్యాండిల్ మీద సెల్‌ఫోన్ చార్జరు! సింగారం అయ్యాక ఒకరోజు సెల్ఫ్ నొక్కితే 'టక్ టక్' మంటుందే తప్ప బండి స్టార్ట్ కాదు. నైట్ డ్యూటీ నుంచి వస్తుంటే నడిరోడ్డు మీద లైటు ఆరిపోతే ఏమిటి గతి? "బండి రిపేరు మనకెందుకమ్మా" అనకండి. మిక్సీ, ఇస్త్రీపెట్టె ఒకే ప్లగ్గుకి తగిలిస్తే ఏమవుతుందో తెలిసిన ఇల్లాలికి ఇదేమంత కష్టం కాదు.

ముందు లెక్క చూద్దాం. వాట్లను 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల బల్బులు రెండు పెడితే 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల పైమాటే. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే బ్యాటరీయే తరుగుతుంది మరి.

"కొత్త బ్యాటరీ వేయాలి" అని మెకానిక్ అనగానే డబ్బు తీయకండి. మల్టీమీటరు కరెంటు సామాన్ల కొట్లో దొరుకుతుంది. దాన్ని డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనించండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 దగ్గర చూపిస్తే చార్జింగు నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే దాదాపు ఖాళీ. ఇంజను స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 14 దగ్గరకి రావాలి. పెరగకపోతే తప్పు చార్జింగు దగ్గర. కొత్త బ్యాటరీ వేసినా అదే తంతు. 15 దాటితే రెగ్యులేటరు చూపించాలి.

మా మరిది బండికి ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చారు. తీరా దొంగ ఎవరయ్యా అంటే, తాళం తీసేసినా కరెంటు తాగుతున్న ఫోను చార్జరు! దాన్ని తాళంతో పాటు ఆగిపోయేలా కలిపించాక బెడద తీరింది.

మిగతావి ఇలా కనిపెట్టవచ్చు:

* ఇండికేటరు గబగబా కొట్టుకుంటుందా? ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది గనుక పాత ఫ్లాషరు 'బల్బు పోయింది' అనుకుంటుంది. ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషరు వేయించాలి.
* హ్యాండిలు అటూ ఇటూ తిప్పితే లైటు ఆరి వెలుగుతుందా? పొడుగు హ్యాండిలు వేసినప్పుడు వైర్లు లాగినట్టై మెడ దగ్గర తెగుతాయి.
* బ్రేకు నొక్కితే ఇండికేటరు కూడా మినుకుమంటుందా? ఎర్తు సరిగా లేదు. ఆ చోట పెయింటు గీకి, బోల్టు బిగించాలి.
* ఫ్యూజు మాటిమాటికీ పోతుందా? తాళం తీసి, అదనపు సామాన్లన్నీ విప్పి, ఒక్కొక్కటే మళ్లీ కలపండి. దేనితో పోతే అదే దోషి.
* టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుందా? నల్ల వైరు ముందు విప్పి, తర్వాత ఎర్రది విప్పండి. వంటసోడా కలిపిన వేడినీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక ఎర్రది ముందు, నల్లది చివర బిగించండి. పైన వ్యాజలీను రాయండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఫ్యూజు పోయిందని దాని చోట రాగితీగ చుట్టినా, 10 ఆంపియర్ల చోట 30 వేసినా ఊరుకోవద్దు. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. ఆ వైర్లు పోయేది పెట్రోలు ట్యాంకు కిందనుంచే! పెద్ద లైట్లకు, హారన్లకు బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు, రిలే పెట్టించాలి. అతుకుల మీద వట్టి టేపు ఎండకి ఊడిపోతుంది, వేడికి బిగుసుకునే స్లీవు వేయమనండి. కాలిన వాసన వస్తే వెంటనే తాళం తీసి, బండికి దూరంగా జరగాలి.

పిల్లల ముచ్చట కాదనలేం. కానీ లైటు తగిలించే ముందు ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి. మీ ఇంటి బండి పెట్టిన తిప్పలుంటే రాసి పంపండి, నలుగురికీ పనికొస్తాయి.