షెకెము వెండి, మన ఊరి కవరు



ఈ వారం ఓటుకు ముందు మన గడప తొక్కే డబ్బు గురించి రాస్తున్నాను. ఏ పార్టీ మీదా కోపంతో రాయడం లేదు. ముందుగా నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక ఎన్నికలో ఒక అభ్యర్థి మనుషులు మా మందిరానికి వచ్చారు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన పైకప్పు చూశారు. మూడు రోజుల్లో కొత్త రేకులు దిగాయి. ఆ ఆదివారం నేను ఆయన పేరు చెప్పి సంఘమంతటి ముందు ప్రార్థన చేశాను. ఆయనకు ఓటు వేయమని నేను చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

రెండేళ్ళ తర్వాత మా పాలెం పక్కనే రొయ్యల గుంటలు తవ్వారు. తాగునీటి బోరు ఉప్పెక్కింది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని, నన్ను ముందుపెట్టుకుని ఆ నాయకుడి ఇంటికి వెళ్ళారు. ఆయన బయటికి రాలేదు. ఆయన మనిషి వచ్చి, "మీకు ఇవ్వాల్సింది ఎన్నికలప్పుడే ఇచ్చాం కదయ్యా, ఇంకేంది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాక్యం చెప్పే నోరు ఆ రోజు మూతపడింది. ఆ నోటి ఖరీదు కొన్ని రేకులు.

అప్పటినుంచి న్యాయాధిపతులు 9వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు ఆ వాకిలి గుర్తుకొస్తుంది. అబీమెలెకుకు రాజు కావాలని కోరిక. అతడు మొదట తన తల్లి బంధువుల దగ్గరికి పోయాడు. షెకెము వారు అతడు మనవాడే కదా అనుకున్నారు. తర్వాత తమ దేవత గుడిలో నుంచి డెబ్బై తులాల వెండి తీసి ఇచ్చారు. ఆ వెండితో అతడు పనీపాటా లేని అల్లరిమూకను కూలికి పెట్టుకున్నాడు, తన అన్నదమ్ములను ఒకే రాతి మీద చంపించాడు, రాజయ్యాడు. మనవాడు అనే మాట, గుడి నుంచి డబ్బు, కూలికి జనం. మూడువేల ఏళ్ళ నాటి కథలో మన ఎన్నికల్లో కనిపించేవి మూడూ ఉన్నాయి. చివర ఏమైంది? కొన్నేళ్ళు గడిచేసరికి ఆ అబీమెలెకే షెకెమును పడగొట్టి, ఆ నేల మీద ఉప్పు చల్లాడు. ఉప్పు పడిన నేల ఎలా ఉంటుందో మన తీరంలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ ఊరిని పాడుచేసినవాణ్ణి పెంచింది ఆ ఊరి వెండే.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. అసెంబ్లీ అభ్యర్థి మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదని నిబంధన. లోక్‌సభకు 95 లక్షలు. 2022 నుంచి ఈ పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఒక నియోజకవర్గంలో లక్ష మందికి తలకు రెండు వేల చొప్పున పంచారనుకోండి. అది 20 కోట్లు, అంటే చట్టం ఒప్పుకున్నదానికి యాభై రెట్లు. ఈ 20 కోట్లు ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండవు. మరి ఎక్కడినుంచి వచ్చాయి? ఎవరో పెట్టుబడి పెట్టారు. పెట్టుబడి పెట్టినవాడు రాబడి చూసుకుంటాడు. ఇసుకలో, కాంట్రాక్టులో, తీరం వెంబడి భూమిలో ఎక్కడో ఒకచోట చూసుకుంటాడు. మనకు అందిన రెండు వేలను అయిదేళ్ళకు పంచితే రోజుకు రూపాయి పైచిలుకు. ఆ రూపాయి కూడా బహుమానం కాదు, మన పేరున రాసిన అప్పు.

పైన కూడా ఇదే కథ. ఎలక్టోరల్ బాండ్లు 2018లో వచ్చాయి. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియకుండా ఇచ్చే వీలు అది. తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పి 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. తర్వాత పేర్లు బయటికి వచ్చాయి. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ దాదాపు 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్ఎస్ మూడూ బాండ్ల డబ్బు పుచ్చుకున్నాయి. ఇది అప్పట్లో చట్టం ఒప్పుకున్న పద్ధతే, నేను ఎవరినీ దొంగ అనడం లేదు. మా మందిరానికి రేకులు ఇవ్వడం కూడా పైకి చూస్తే దానధర్మమే. కానీ పుచ్చుకున్న తర్వాత నోరు ఏమవుతుందో నాకు తెలుసు.

అసెంబ్లీకి నామినేషన్ వేయడానికి డిపాజిట్టు 10,000 రూపాయలే. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చట్టం తెరిచిన తలుపు అంత వెడల్పు. 2024లో మన నెల్లూరు లోక్‌సభ స్థానంలో గెలిచిన వేమిరెడ్డి ప్రభాకరరెడ్డి గారి అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తి 700 కోట్లకు పైగా ఉంది. గుంటూరులో గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ గారిది 5,700 కోట్లకు పైగా. ధనవంతుడు కావడం నేరం కాదు. నేను అడిగేది ఒక్కటే. పాలెంలో వల అల్లుకునేవాడి కొడుకు ఎంత తెలివైనవాడైనా, ఎంత నిజాయితీపరుడైనా, ఆ తలుపులోంచి లోపలికి పోగలడా?

ఒకప్పుడు పోయారు. మన విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళేవారు. కలిగిన ఇంట పుట్టి, తన వాటా ఆస్తిని తాను నమ్మిన ఉద్యమానికే ఇచ్చేశారు. ఆయన దేవుణ్ణి నమ్మిన మనిషి కారు. అయినా డబ్బుకు నోరు అమ్ముకోలేదు. దేవుణ్ణి నమ్మిన నేను రేకులకు అమ్ముకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

2024లో పోలింగు మే 13న జరిగింది. ఆ తేదీ ఏమిటో మన తీరం వాళ్ళకు వేరే చెప్పాలా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డున, వలలు నీడన, పొయ్యి మీద ఎసరు అనుమానం. కవరు సరిగ్గా అప్పుడు వచ్చింది. ఏశావు కూడా వేట నుంచి అలసి, ఆకలితో వచ్చినప్పుడే జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. కడుపు నిండినవాడితో అలాంటి బేరం ఎవరూ పెట్టరు.

ఆ రోజుల్లో మందిరంలో ఈ డబ్బు వద్దని చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక విధవరాలు నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, నెల రోజులుగా ఇంట్లో రాబడి లేదు. ఇద్దరు పిల్లకాయలు. ఆ రెండు వేలు తీసుకోవడం పాపమా?" అని అడిగింది. ఓటుకు డబ్బు ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ ఇద్దరికీ చట్టం ఏడాది దాకా జైలుశిక్ష చెబుతోందని నాకు తెలుసు. లంచం చూపున్నవాణ్ణి కూడా గుడ్డివాణ్ణి చేస్తుందన్న నిర్గమకాండపు బోధా తెలుసు. కానీ ఆకలిగా ఉన్న తల్లికి వచనం చెప్పి పంపేస్తే నేను కాపరిని ఎలా అవుతాను? ఆ రోజు జవాబు చెప్పలేక తలదించుకున్నాను.

మరుసటి ఆదివారం పెద్దలతో కూర్చుని మాట్లాడాం. మన తల్లులు అన్నం వండేటప్పుడు ప్రభువు కోసం తీసిపెట్టే గుప్పెడు బియ్యం ఉంది కదా. వేట లేని రెండు నెలలూ అవి మందిరం ఖర్చుకు అమ్మకుండా, పొయ్యి వెలగని ఇళ్ళకే పంచాలని అనుకున్నాం. ఎవరికి ఎంత ఇచ్చామో సంఘం ముందు చదివి వినిపించాం. కవరుకు అది సరితూగదు, నిజమే. కానీ ఆ బియ్యం తిన్న ఇల్లు ఎవరికీ నోరు తాకట్టు పెట్టలేదు. లంచం వద్దని బోధించే సంఘం ముందు ఆకలి సంగతి చూడాలి. లేకపోతే మన బోధ కడుపు నిండినవాడి మాటగానే మిగిలిపోతుంది.

ఇంకో నిర్ణయం కూడా చేశాం. ఎన్నికల కాలంలో ఏ అభ్యర్థి నుంచీ మందిరానికి రేకు గాని, మైకు గాని, కుర్చీ గాని పుచ్చుకోం. షెకెములో గుడి వెండి రాజకీయంలోకి పోయింది. మన దగ్గర రాజకీయపు వెండి మందిరంలోకి వస్తోంది. దారి ఎటైనా చివర చల్లేది ఉప్పే. తోటి కాపరులారా, మీ సంఘాల్లో కూడా ఈ మాట పెద్దలతో కలిసి ఆలోచించండి. ఎవరు ఇచ్చారన్నది చూడకండి, ఎప్పుడు ఇచ్చారో చూడండి.

పేదవాళ్ళ వల్ల ఏమవుతుందని కొందరు అంటారు. మన జిల్లాలోనే దూబగుంట ఉంది. అక్కడ అక్షరాలు దిద్దుకుంటున్న కూలి తల్లులు మొదలుపెట్టిన పోరాటం 1992లో సారా పాటలను ఆపింది. ఆ పాటల వెనుక ఎంత డబ్బు, ఎంత అధికారం ఉండేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తల్లుల చేతిలో డబ్బు లేదు. నోరుంది, ఆ నోటిని వాళ్ళు అమ్ముకోలేదు.

సమూయేలు ముసలితనంలో ప్రజల ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడిగాడు. జనం లేదన్నారు. మన నాయకులు అలా అడిగే రోజు రావాలని ప్రార్థించండి. అంతకంటే ముందు మీ కాపరి అలా అడగగలిగేలా ప్రార్థించండి. మా మందిరం రేకులు మళ్ళీ తుప్పుపట్టాయి, వాన పడితే బల్ల దగ్గర ఒక బకెట్టు పెడుతున్నాం. ఈసారి మా చందాతోనే, నెమ్మదిగా వేసుకుంటాం. బోరు నీళ్ళ సంగతి అడగడానికి మాత్రం వచ్చే సోమవారం మళ్ళీ బిందెలతో వెళ్తున్నాం.

ప్రభువు మన నోళ్ళను తెరచునుగాక. ఆమేన్.