చేతికి బ్యాండు కడితే సరిపోతుందా?

ఈ ఏడాది వార్షికోత్సవానికి హాస్టలుకు ఏ బహుమతి ఇవ్వాలన్న చర్చ పూర్వ విద్యార్థుల మధ్య కొన్ని నెలలుగా నడుస్తున్నది. ఇదివరకు ఇలాంటి చర్చ వస్తే సీలింగు ఫ్యాన్లు, స్టీలు ప్లేట్లు, డిక్షనరీలు, మహా అయితే ఒక క్యారమ్ బోర్డు దగ్గర తేలిపోయేది. ఈసారి వచ్చిన ప్రతిపాదన కొత్తది. ప్రతి విద్యార్థికీ ఒక స్మార్ట్ బ్యాండు కొనిపెట్టాలని, అది గుండె వేగాన్ని, నిద్రను, నడకను, మనసులోని ఒత్తిడిని కూడా కొలుస్తుందని, ఆ లెక్కలన్నీ ఎక్కడో పట్నంలో ఉన్న డాక్టరుకు పంపితే జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చునని కొందరు అన్నలు, అక్కలు అంటున్నారు. వారి ప్రేమను మేము శంకించడం లేదు. జ్వరం వచ్చి మూడు రోజులు ట్రంకుపెట్టె పక్కన చాప మీద పడుకున్న రోజులు మరచిపోనివారే ఈ మాట అంటున్నారు. అందుకే సంచిక కమిటీ తరఫున మా అభిప్రాయాన్ని దాచుకోకుండా రాస్తున్నాము. మాలో కొందరం ఇంకా హాస్టల్లోనే ఉన్నాం, కొందరం బయటికి వెళ్లి రెండు మూడేళ్లయింది.

ముందుగా ఒక మాట. దూరాన ఉన్న డాక్టరు సలహా తీసుకోవడం మనకు కొత్త కాదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది. 104కు ఫోను చేస్తే ఆరోగ్య సలహా చెప్పే సేవ 2007లో ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టింది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్‌కు మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ-సంజీవని ద్వారా పల్లెలో కూర్చుని పట్నం డాక్టరుతో మాట్లాడే వీలు వచ్చింది. యంత్రం వద్దు, పాత పద్ధతే ముద్దు అనే రకం కాదు మేము. ఈ యంత్రం మన పిల్లలకు ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్నదే మా ప్రశ్న.

బ్యాండు అడుగున ఆకుపచ్చ దీపం ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. రక్తం ఆ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగి వచ్చే వెలుతురులో తేడాను బట్టి నాడిని లెక్కగడుతుంది. చేయి కదలికలను పట్టే చిన్న పరికరం మరొకటి లోపల ఉంటుంది. నడక, నిద్ర లెక్కలు దాన్నుంచి వస్తాయి. ఆక్సిజను కొలిచే రకాల్లో ఎరుపు, పరారుణ దీపాలు కూడా ఉంటాయి. ఇంతవరకు అది నేరుగా కొలిచేది. మిగిలినవన్నీ ఈ కొలతల మీద కట్టిన అంచనాలు.

ఇప్పుడు మన హాస్టళ్లలో అన్నింటికన్నా ఎక్కువగా ఉన్న జబ్బు ఏది? గుండె జబ్బు కాదు, రక్తహీనత. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి, అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ప్రేయరులో నిలబడి కళ్లు తిరిగి పడిపోయేవారు, మెట్లెక్కితే ఆయాసపడేవారు, స్టడీ అవర్‌లో పుస్తకం మీద తలవాల్చి ‘సోమరి’ అని పేరు తెచ్చుకునేవారు చాలామంది వీరే. మన చేతికి కట్టే బ్యాండు దీనిని పట్టుకోగలదా? పట్టుకోలేదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాము.

రక్తంలో ఆక్సిజనును మోసేది హిమోగ్లోబిన్. దాన్ని ఆర్టీసీ బస్సు అనుకోండి. ఆక్సిజను ప్రయాణికుడు. బ్యాండు గానీ, కోవిడ్ కాలంలో అందరం వేలికి తగిలించుకున్న ఆక్సిమీటరు గానీ చెప్పేది, తిరుగుతున్న బస్సుల్లో నూటికి ఎన్ని సీట్లు నిండాయన్నది మాత్రమే. డిపోలో పది బస్సులకు అయిదే తిరుగుతున్నా, ఆ అయిదింటిలో సీట్లు నిండితే 98 అని చూపిస్తుంది. ఊళ్లో సగంమంది రోడ్డు మీదే నిలబడి ఉన్నారన్న సంగతి దానికి పట్టదు. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోయిన అమ్మాయి చేతి మీద కూడా 98 కనిపించవచ్చు. ఆ అంకె చూసి ‘నీకేమీ లేదు, పోయి చదువుకో’ అంటే ఆ అమ్మాయి గతి ఏమిటి? రక్తం తక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది నిజమే. కానీ జ్వరానికీ, భయానికీ, పరుగుకీ కూడా కొట్టుకుంటుంది. ఏది దేనివల్లనో బ్యాండు విడదీసి చెప్పలేదు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూసే పరీక్ష చెబుతుంది. 12 ఏళ్లు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటారు.

ఇంకొక సంగతి. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. ఆక్సిమీటరు 92 నుంచి 96 శాతం చూపించిన సందర్భాల్లోనే రక్తాన్ని నేరుగా పరీక్షిస్తే, నిజానికి ఆక్సిజను 88 శాతం కన్నా తక్కువగా ఉన్నవి తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. చర్మంలోని నలుపు కూడా వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి యంత్రం పొరబడుతున్నది. మనలో ఎక్కువమందిమి ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్లం. మా రంగు పిల్లల మీద పరీక్షించి చూపించిన తర్వాతే అమ్మండి అని అడిగే హక్కు మనకు ఉన్నదని మా ఉద్దేశం.

అంటే చేతికి కట్టే పరికరాలన్నీ దండగ అని కాదు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సార్లు వచ్చాయి. రాత్రి నిద్రలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే హెచ్చరించేవి కూడా వాటిలో ఉన్నాయి. రోజూ ఇన్సులిను పొడుచుకుంటూ, యాభై మంది పడుకునే హాల్లో ఒక మూల నిద్రపోయే పిల్లవాడికి అది ప్రాణం కాపాడే వస్తువు. అలాంటివాడు మన హాస్టల్లో ఒక్కడున్నా సరే, నూరు బ్యాండ్ల డబ్బును వాడి ఒక్కడి సెన్సార్ల కోసం ఖర్చు పెట్టమని మేము అంటాము. కొన్ని రకాలు రెండు వారాలకే మార్చాలి, ఖర్చు ఆగదు కూడా.

ఇక మనసు సంగతి. అన్నలు అక్కలు ఎక్కువగా ఆశ పెట్టుకున్నది దీని మీదనే. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వారు 2013లో 48 మంది విద్యార్థుల ఫోన్ల ద్వారా పది వారాల పాటు వారి నిద్రను, కదలికలను, మాటామంతీని గమనించారు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఒత్తిడి పెరగడం, నిద్ర తగ్గడం ఆ లెక్కల్లో కనబడింది. కనుక యంత్రానికి ఏమీ తెలియదని మేము అనము. అయితే ఆ చదువరులు తమ ఇష్టంతో అందులో చేరినవారు. పేర్లు బయటపెట్టబోమని వారికి మాట ఇచ్చి చేసిన పరిశోధన అది. మన దగ్గర ఎలా జరుగుతుందో ఆలోచించండి. బ్యాండు పనిచేయాలంటే దాన్ని ఒక స్మార్ట్ ఫోనుకు జత చేయాలి. మన పిల్లల్లో ఎంతమందికి ఫోను ఉన్నది? చివరికి అందరి బ్యాండ్లూ వార్డెన్ సారు ఫోనుకో, ఆఫీసు కంప్యూటరుకో జత అవుతాయి. ఎవడు రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నాడు, ఏ అమ్మాయికి నెలసరి ఎప్పుడు వచ్చింది, ఎవరి గుండె ఎప్పుడు దడదడలాడింది అన్నీ ఒకరి అరచేతిలోకి వస్తాయి. ఇప్పటి సారు మంచివారే కావచ్చు. రేపు బదిలీ మీద వచ్చేవారు?

ఆరోగ్యం కోసం వచ్చిన వస్తువు హాజరుపట్టీగా మారడానికి ఎంతో కాలం పట్టదు. అమెరికాలోనే ఓరల్ రాబర్ట్స్ అనే విశ్వవిద్యాలయం కొత్తగా చేరే విద్యార్థులందరూ బ్యాండు కట్టుకోవాలని, వారి నడక, గుండె వేగం లెక్కలు మార్కుల పుస్తకంలోకి చేరతాయని నియమం పెట్టి 2016లో వార్తల్లోకెక్కింది. మన దగ్గర అలా చేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. బ్యాండు పక్కవాడి చేతికి కట్టి సెకండ్ షోకు గోడ దూకడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. నవ్వులాటకు అన్నాం గాని, అసలు బాధ వేరే. నిజంగా దిగులుతో ఉన్నవాడు తనను ఎవరో చూస్తున్నారని తెలిస్తే ఇంకా ముడుచుకుపోతాడు. చట్టం కూడా ఈ విషయంలో పట్టింపుగానే ఉన్నది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చేసిన చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల కదలికలను, ప్రవర్తనను వెంటాడి గమనించకూడదన్నది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు మాత్రం చదువు, భద్రత అవసరాల మేరకు విద్యాసంస్థలకు సడలింపు ఇచ్చాయి. భద్రత అనే మాట రబ్బరు లాంటిది, ఎంత దూరమైనా సాగుతుందని మా అనుమానం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసు అది. అందులో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఉన్నాయి. నూరు మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒక్కరినైనా నియమించాలన్నది. టెలి మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనబడేలా పెద్దగా రాసి పెట్టాలన్నది. ఎవరి చేతికీ ఏ యంత్రమూ కట్టమనలేదు, వినే మనిషిని పెట్టమన్నది.

ఆ టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. దూరాన ఉండి మనసును చూసే సాంకేతిక పరిజ్ఞానం అంటే మా దృష్టిలో ముందు ఇది. కానీ మన హాస్టల్లో ఒక పిల్లవాడు ఆ నంబరుకు ఎలా ఫోను చేస్తాడు? ఫోను ఆఫీసు గదిలో ఉంటుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ‘ఎవరికిరా ఫోను? ఏమైందిరా?’ అన్న రెండు ప్రశ్నలు దాటి ఎవడు తన బాధ చెప్పుకుంటాడు? ఇంటికి చేసే ఫోనులోనే ‘బాగున్నానమ్మా’ తప్ప వేరే మాట రాదు. ఇంటికి రమ్మంటే చార్జీలకు అప్పు చేయాలని తెలిసిన పిల్లలు మనవాళ్లు.

కాబట్టి అన్నలను, అక్కలను మేము కోరేది ఇది. స్టోరు రూము పక్కన ఖాళీగా ఉన్న చిన్న గదికి తలుపు, గడియ, ఒక కుర్చీ, ఒక ఫోను పెట్టించండి. ఎవరు ఎవరితో మాట్లాడారని పుస్తకంలో రాయకూడదు. హిమోగ్లోబిన్ చూసే చిన్న యంత్రం, దానికి ఏడాదికి సరిపడా స్ట్రిప్పులు కొని, మూడు నెలలకోసారి ఏఎన్ఎం అక్క వచ్చి చూసేలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారితో మాట్లాడండి. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను టీతో కాకుండా, అన్నం తిన్న తర్వాత వేసుకోవాలని పిల్లలకు చెప్పేవారు ఉండాలి. టీ ఆ మాత్ర శక్తిని ఒంటబట్టనివ్వదు.

ఇక కొలతల మీద అంత మోజు ఉంటే హాస్టల్నే కొలవండి అంటాము. ఏప్రిల్ రాత్రి రేకుల హాల్లో ఎంత వేడి ఉంటున్నదో చూపే ధర్మామీటరు ఒకటి గోడకు తగిలించండి. ఎంతమందికి ఒక మరుగుదొడ్డి ఉన్నదో, వారంలో ఎన్ని రాత్రులు కరెంటు పోయిందో, పప్పు ఎన్ని రోజులు నీళ్లలా వచ్చిందో విద్యార్థులే ఒక పుస్తకంలో రాస్తారు. ‘పిల్లలు సరిగా నిద్రపోవడం లేదు’ అని యంత్రం చెబితే తప్పు పిల్లల మీదికి పోతుంది. దోమతెరలు లేవని, ఫ్యాను తిరగడం లేదని ఆ పుస్తకం చెబితే అది పై అధికారి బల్ల మీదికి పోతుంది. ఆ పుస్తకం పట్టుకుని జిల్లా ఆఫీసుకు రావడానికి పూర్వ విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు తోడుంటే చాలు.

ఒకవేళ ఎవరైనా ఇప్పటికే బ్యాండ్లు కొనేసి ఉంటే వెనక్కి పంపవద్దు. కబడ్డీ జట్టుకు, పరుగుపందెం పిల్లలకు ఇద్దాము. పరిగెత్తి వచ్చాక ఎవరి గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తున్నదో వాళ్లే చూసుకుని పందేలు వేసుకుంటారు. ఆ అంకెలు వాళ్ల దగ్గరే ఉంటాయి.