ఉప్పాడ తీరం: రాళ్లు పోసినా ఆగని కోత

తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ-ఉప్పాడ బీచ్‌రోడ్డు కోతకు గురికావడం, ఆ వెంటనే లారీలతో బండరాళ్లు తెచ్చి పోయడం ఒక తంతుగా మారింది. సుమారు పదిహేనేళ్ల క్రితం కోట్ల రూపాయలతో నిర్మించిన జియోట్యూబ్ గోడ కెరటాల తాకిడికి నిలువలేకపోయింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను రోడ్డును మరోసారి ఛిద్రం చేసింది.

అసలు లోటు ఇసుకది. గోదావరిపై ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును ఎగువనే ఆపేస్తున్నాయి. సముద్రానికి చేరిన కొద్దిపాటి ఇసుకలోనూ చాలావరకు హోప్ ఐలాండ్ వద్దే మేట వేస్తోంది. ఆ దీవి చాటున కాకినాడ పోర్టు భద్రంగా ఉండగా, చాటులేని ఉప్పాడపై అలలు నేరుగా విరుచుకుపడుతున్నాయి. రాళ్ల గోడ రోడ్డును కొంతకాలం కాపాడుతుందేమో గానీ, ఇసుకను తిరిగి తేలేదు. పైగా గోడ ముగిసిన చోట కోత ఉద్ధృతమవుతుంది. మత్స్యకారులు పడవలు నిలిపి, వలలు ఆరబెట్టుకునే ఇసుక మేర ఏటికేడు కుంచించుకుపోతోంది.