క్యాత్ ల్యాబ్ రిబ్బన్లు, గరీబుల గుండెలు



ఎన్నికలు రాగానే లీడర్ల నోట ఒక వాదా వినిపిస్తుంది: "మన ఊరికి క్యాత్ ల్యాబ్ తెస్తాం." జనం చప్పట్లు కొడతారు. నేను కొట్టను. ఎందుకో సాఫ్‌గా చెబుతాను.

గుండె రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, దాన్ని తెరిచే ఇలాజ్‌లలో మేలైనది యాంజియోప్లాస్టీ. కానీ అది మెషీన్ చేసే పని కాదు, చేతుల హునర్. అర్ధరాత్రి 2 గంటలకు ఫోన్ మోగినా డాక్టరు, నర్సు, టెక్నీషియన్ వెంటనే హాజరు కావాలి. ఆ చేయి రోజూ ఆ పనిలో ఉండాలి. అమెరికా గుండె డాక్టర్ల సంఘాలు 2013లో చెప్పిన లెక్క ప్రకారం ఒక్కో డాక్టరు ఏడాదికి కనీసం 50, ఒక్కో దవాఖానా 200 చేస్తుండాలి. దావత్‌కి రోజూ దేగ్ దించే బావర్చీనే పిలుస్తాం కదా, ఈద్‌కి ఒక్కసారి వండేవాణ్ణి కాదు. మరి ప్రాణం విషయంలో? ఉన్న కొద్ది కేసుల్నీ ఊరుకొక ల్యాబ్‌కు పంచితే ఎవరి చేతికీ హునర్ రాదు. సాయంత్రమైతే తాళం పడే ల్యాబ్ రిబ్బన్ కోతకే పనికొస్తుంది. అందుకే ఈ పని 24 గంటలూ నడిచే కొన్ని పెద్ద దవాఖానాల్లోనే జరగాలంటాను.

"అంటే గరీబులంతా హైదరాబాద్ పరుగెత్తాలా?" అని అడుగుతారు. సహీ సవాల్. ఈసీజీలో గుండెపోటు తేలాక 120 నిమిషాల్లో ఆ నాళం తెరుచుకోవాలి. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అంబులెన్స్ కోసం ఇంతెజార్, ట్రాఫిక్, కాగితాలు కలిపి చూడండి, వక్త్ ఎక్కడ మిగిలింది? అలాంటి చోట గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే, ఈసీజీ చూసిన 10 నిమిషాల్లో పడాలి. రక్తస్రావం ముప్పు లేదని ముందుగా చూసుకోవాలి. ఆ తర్వాతే పెద్ద దవాఖానాకు ప్రయాణం. దీనికి ఊళ్లో గుండె డాక్టరు అక్కర్లేదు. తర్బియత్ పొందిన ఎంబీబీఎస్ డాక్టరు, ఈసీజీని ఫోన్లో చూసే నిపుణుడు చాలు.

ఇది ఖయాలీ పులావ్ కాదు. తమిళనాడులో చిన్న దవాఖానాల్ని పెద్దవాటితో ఇలాగే జోడించి 2,420 మంది మరీజుల్ని గమనించారు. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తెలంగాణలో, ఆంధ్రలో కూడా ఈ దారిలో పథకాలు మొదలయ్యాయి. మొదలవడం వేరు, రాత్రిపూట పనిచేయడం వేరు.

పెద్ద దవాఖానాల్లో హునర్ పోగుచేసి, కస్బాలో ఈసీజీ, ఇంజెక్షన్, అంబులెన్స్ పెట్టకపోతే అది ఇలాజ్ కాదు, జుల్మ్. గేటు దాకా వచ్చినవాణ్ణి "బెడ్ లేదు", "ముందు అడ్వాన్స్ కట్టు" అని నిలబెట్టడం అంతకంటే పెద్ద జుల్మ్. నిపుణుల్ని ఒకచోట చేర్చే హుకూమత్, వాళ్ల దాకా గరీబును చేర్చే జవాబుదారీ కూడా మోయాలి.

మన మొహల్లాల సంగతీ చెప్పాలి. ఛాతీ బరువెక్కితే "గ్యాస్" అని సోడా తాగి పడుకుంటాం. ఫజర్ వేళ చెమటలు పట్టినా, దవడ లాగినా ఇంట్లో అమ్మీ, ఖాలా ఎవరికీ చెప్పరు, పిల్లల నిద్ర పాడవుతుందని. అది సబర్ కాదు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. 108కి ఫోన్ చేశాక దువా చేయండి, తవక్కుల్ అంటే అదే.

ఈసారి లీడర్ వోటుకొస్తే ల్యాబ్ అడగకండి. మూడు సవాళ్లు వేయండి: మన దవాఖానాలో రాత్రి ఈసీజీ ఎవరు తీస్తారు? ఆ ఇంజెక్షన్ స్టాక్ ఉందా? అంబులెన్స్ మరీజును ఏ దవాఖానాకు తీసుకెళ్తుంది, అక్కడ గేటు తెరుస్తారా? జవాబు వస్తే చప్పట్లు కొట్టండి. నేనూ కొడతాను, ఇన్షా అల్లాహ్.