జీతం కథ సరే, పని కథ ఏది?

తెలుగు కథలో సాఫ్ట్‌వేర్ మనిషికి ఫ్లాట్ ఉంటుంది, ఈఎంఐ ఉంటుంది, వీసా బెంగ ఉంటుంది, ఊళ్లో ఒంటరి తల్లి ఉంటుంది. పని మాత్రం ఉండదు. పొద్దున ఆఫీసుకు పోతాడు, రాత్రి అలసిపోయి వస్తాడు. మధ్యలో ఏం చేశాడో చాలామంది కథకులకు అక్కర్లేదు.

‘అది టెక్నికల్ కదా, పాఠకుడికి అర్థం కాదు’ అంటారు. నాగలి, మగ్గం, సారె టెక్నికల్ కావా? పాలమూరు మట్టిపనివాళ్ల గురించి గడ్డపార, తట్ట లేకుండా రాస్తామా? అదే పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోడ్ నేర్చుకున్న పిల్లల శ్రమకు మాత్రం ఒక్క పనిముట్టు పేరూ ఇవ్వం.

ఒక్క పనిని దగ్గర్నుంచి చూద్దాం. లినక్స్ కెర్నెల్‌లో ‘డర్టీ కౌ’ అనే బగ్. ప్రోగ్రాములకు మెమరీ పంచిపెట్టేది కెర్నెలే. ఒకే ఫైలును పదిమంది చదువుతుంటే పది కాపీలు తీయదు. ఒకే పేజీని అందరికీ చూపిస్తుంది. ఎవరైనా తమ వరకు మార్చుకోబోతే అప్పుడు వాళ్లకు విడిగా కాపీ తీసిస్తుంది. కాపీ తీయడం ఒక అడుగు, రాయడం ఇంకో అడుగు. వేర్వేరు ప్రాసెసర్ల మీద థ్రెడ్లు నిజంగానే ఒకే క్షణంలో నడుస్తాయి. ఆ రెండు అడుగుల సందులో ఇంకో థ్రెడ్ ‘ఆ కాపీ నాకొద్దు’ అని పారేయిస్తే, రాత పోయి అసలు ఫైలు మీద పడేది. చదివే హక్కు మాత్రమే ఉన్న మామూలు యూజర్ ఆ దారిన మిషన్‌కే యజమాని అయిపోవచ్చు.

చెరువు కింద సాగుచేసిన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నీరటి లేని వేళ ఇద్దరు ఒకేసారి తూము దగ్గరికొస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం పేరులో కందూరు చోడ రాజు ఉన్నాడు. తూము కాసిన నీరటి లేడు. మనం ఇవాళ చేస్తున్నదీ అదే: సీఈఓకు మొదటి పేజీ, బగ్ సరిచేసినవాడికి ఏ పేజీ లేదు.

డర్టీ కౌని లినస్ టోర్వాల్డ్స్ 2005లోనే సరిచేయబోయాడు. ఎస్390 యంత్రాల మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. 2016 అక్టోబర్‌లో మళ్లీ తనే సరిచేశాడు. కాపీ తీసినట్టు ఒక గుర్తు పెట్టుకోవడం, అది ఇంకా ఉందో లేదో చూశాకే రాయనివ్వడం: మార్పు అంతే. పదకొండేళ్ల కింద తాను సరిగా చేయలేదని ఆ మార్పుతోపాటే రాసిపెట్టాడు. 2017లో ఆ మరమ్మతులోనూ, పెద్ద పేజీల దగ్గర, ఒక లోపం బయటపడింది. దాన్నీ సరిచేశారు. ఓటమి, ఒప్పుకోలు, మళ్లీ ఓటమి. కథకు ఇంకేం కావాలి?

ఇది సాహిత్యానికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. పని కనిపించని మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తే, పోయింది జీతమే అనుకుంటాం. ఏళ్లపాటు పట్టుకుని నేర్చుకున్న ఒక విద్య గాల్లో కలిసిందని అనుకోం. పేరు లేని పనికి న్యాయం అడగడం కష్టం.

కాబట్టి కథకులారా, వచ్చే కథలో ఈఎంఐ పక్కన ఒక్క బగ్‌కైనా చోటివ్వండి. పాఠకుడు భయపడడు. అర్థం కాకపోతే అడుగుతాడు.