పసిబిడ్డ ఫోటోల్లో అవ్వ ఏదీ?

బెంగుళూరులో ఇప్పుడు బిడ్డ పుట్టిందంటే స్వీట్ బాక్సులతో పాటే ఫోటోగ్రాఫర్ బుకింగూ అయిపోతావుంది. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో మీరూ చూస్తుంటారు: బుట్టలో ఉన్ని మధ్య ముడుచుకొని నిద్రపోయే బిడ్డ, తలకి పూల బ్యాండు. ఈమధ్య ఇంకో రకం వచ్చింది. స్టూడియోకి పోయే పని లేకుండా వాళ్ళే ఇంటికొచ్చి, ఏమీ సర్దకుండా, ఉన్నది ఉన్నట్టు తీస్తారంట. దాన్ని క్యాండిడ్ అంటారు. నేను ఈ రెండో రకం పక్షమే. కానీ ఉన్నది ఉన్నట్టు అన్న మాట నిలబడాల. నా తకరారు అక్కడే.

పోయిన ఏడాది మా చిన్నాన్న కూతురికి కొడుకు పుడితే ఇట్లా ఇంటికొచ్చే ఫోటోగ్రాఫర్‌నే పిలిచినారు. మంచి పిల్లోడే, పనీ వచ్చు. అయితే వచ్చీ రాగానే గోడ మీది పంచాంగం క్యాలెండర్ తీయించినాడు. మంచం పక్కన ఆరేసిన పాత చీర గుడ్డలు తీయించినాడు. చీరతో కట్టిన ఉయ్యాల ఫోటోలో గజిబిజిగా ఉంటుందని పైకి ముడి వేయించినాడు. అందరూ లేత గోధుమ రంగు బట్టలే వేసుకోవాలని ముందురోజే మెసేజి. మా అవ్వని "కొంచెం పక్కకి కూర్చోండి అజ్జీ" అన్నాడు. మొత్తం అరవై ఫోటోలు ఇచ్చినాడు. ఒకదాంట్లో అవ్వ మోచెయ్యి ఉంది, అంతే. అది మా ఇల్లని మేం చెప్తేగానీ ఎవరికీ తెలీదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అన్నీ సరిగ్గా నడిచే దారిని మేం హ్యాపీ పాత్ అంటాం. అదొక్కటి చూసి పాస్ అని రాసేస్తే దాన్ని టెస్టింగ్ అనరు. ఆ గోధుమ రంగు ఆల్బం నాకు అట్లాంటి రిపోర్టులాగే కనిపించింది.

మన పాత ఆల్బంలు తెరిచి చూడండి. 80లలో, 90లలో పుట్టినోళ్ళకి మొదటి ఫోటో అంటే బోర్లా పడ్డం వచ్చినాక స్టూడియోలో బల్ల మీద పడుకోబెట్టి, మెడ ఎత్తి చూస్తావుంటే తీసిందే. అంతకు ముందు నెలలవి చాలా ఇళ్ళల్లో ఉండవు. రీలుకి 36 ఫోటోలే, కడిగించడానికి వేరే ఖర్చు. దానికితోడు పసిబిడ్డకి ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనే భయం ఒకటి. పురిటి గది లోపలి సంగతి ఫోటోకి ఎక్కనే లేదు.

మాలాంటోళ్ళకి ఆ గది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మాది ముళబాగిలు వైపు. గడప దాటితే అంతా కన్నడం. నేను బడి చదివిందీ కన్నడ మీడియంలోనే, తెలుగు అక్షరాలు తర్వాత అవ్వ దగ్గర దిద్దుకున్నా (రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి సరిపోయింది). లెక్కలు, బస్సులో జగడాలు మాకు కన్నడంలోనే వస్తాయి. ఆఫీసు సంగతులు ఇంగ్లీషులో. బాలింత గదిలో మాత్రం ఇంకా తెలుగే నడుస్తావుంది, ఎందుకంటే అక్కడ పెత్తనం అవ్వలది. నలుగు, పొత్తిగుడ్డలు, దిష్టి తీయడం, ఇవన్నీ తెలుగులోనే జరుగుతాయి. వస కొమ్ము అంటే అవ్వకి అర్థమవుతుంది, అంగడిలో బజె అంటేగానీ ఇవ్వరు.

అవ్వ పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసి, తర్వాత వెల్లకిలా తిప్పి చెంబుతో నీళ్ళు పోస్తుంది. మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుంటుంది. బిడ్డ గుక్క పట్టి ఏడుస్తుంటే ఏదో ఒకటి మాట్లాడతానే ఉంటుంది. ఈ పని చేతనయినోళ్ళు మా తరంలో మా ఇంట్లో ఒక్కరూ లేరు. నీళ్ళు పోయడానికి బయటి నుంచి ఆయమ్మని పెట్టుకుంటున్నాం. అందుకే బిడ్డ ముఖం ఒక్కటే కాదు, ఆ చేతులు కావాల. రెండు నిమిషాల వీడియో తీస్తే ఆ మాటలూ దొరుకుతాయి.

పాతదంతా మంచిదని నేను అనడం లేదు. కంట్లో కాటుక, సాంబ్రాణి పొగ, ముక్కులో చెవుల్లో నూనె వద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు, మేమూ మానేసినాం. ఫోటో కోసం వాటిని మళ్ళీ చేయించేది వద్దు.

స్టూడియో రకంలో ఇంకో ఇబ్బంది ఉంది. బిడ్డ గడ్డం కింద రెండు చేతులు పెట్టుకొని కప్పలాగా కూర్చున్న ఫోటో చూసే ఉంటారు. ఏ పసిబిడ్డా అట్లా తల నిలుపుకోలేదు. ఒకరు తల పట్టుకోగా ఒకటి, చేతులు పట్టుకోగా ఇంకొకటి తీసి, కంప్యూటర్లో రెండూ కలుపుతారు. ఆ సంగతి తెలీక ఇంట్లో ఫోన్ పట్టుకొని ప్రయత్నం చేస్తే ప్రమాదం. పైగా అట్లా ముడుచుకొని పడుకునేది మొదటి రెండు వారాల్లోనే అని స్టూడియోవాళ్ళు తొందరపెడతారు. ఇంట్లో మామూలుగా తీసేదానికి ఆ తొందర లేదు. పురుడు అయ్యేదాకా ఫోటోలు వద్దని అవ్వ అంటే ఆగొచ్చు. మూడో నెల దాకా ఆగమన్నా నష్టం లేదు, నీళ్ళు పోసేది అప్పుడూ ఉంటుంది కదా. అవ్వతో వాదించి గెలిచి, ఆమె ముఖం మాడ్చుకున్న ఫోటో తీసుకొని ఏం చేస్తాం?

వచ్చేవాళ్ళకి జలుబూ దగ్గూ ఉంటే ఇంకోరోజు రమ్మనండి. చేతులు కడుక్కొని లోపలికి రావాల. కిటికీ వెలుగు చాలు. పుట్టిన బిడ్డకి కాస్త బాగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే ఎత్తుకున్నవాళ్ళ ముఖం. ఎత్తుకున్నవాళ్ళ భుజం మీదుగా తీస్తే బిడ్డ చూసేదేమిటో ఫోటోలో పడుతుంది.

బాలింత ఒప్పుకోకుండా ఒక్కటీ తీయకూడదు. రాత్రంతా నిద్ర లేని మనిషికి మేకప్ వేసి నవ్వమనడం నాకు నచ్చదు. పాలిచ్చే ఫోటో ఉంచాలా వద్దా, ఏది బయటికి పోవాలా అనేది ఆమె చెప్తుంది, అత్తగారు కాదు, ఫోటోగ్రాఫర్ పేజీ అంతకన్నా కాదు. డబ్బులిచ్చే ముందే ఆ మాట రాయించుకోండి.

ఫోటోలు చేతికొచ్చినాక పది పన్నెండు ఏరి ప్రింటు వేయించండి. వెనకాల ఎవరు, ఎన్నో వారం, ఏం చేస్తున్నారు అని రాసి పెట్టండి. ఆ వస్తువుని ఇంట్లో ఏమంటారో ఆ మాటే రాయండి, పొత్తిగుడ్డని బేబీ ర్యాప్ చేయొద్దు. మా పిల్లలకి కన్నడ అక్షరాలే వచ్చు కాబట్టి మేం తెలుగు మాటని రెండు లిపుల్లోనూ రాస్తున్నాం.