పింగాణి నునుపు, ఇంటి శుభ్రత

1901 డిసెంబరులో కలకత్తా నగరంలో దీన్షా వాచా అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. దక్షిణాఫ్రికా నుండి వచ్చిన ముప్పది రెండేళ్ళ న్యాయవాది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ ప్రతినిధులతోపాటు రిపన్ కళాశాలలో బస చేశారు. అక్కడి పాయఖానాలు చాలా తక్కువ. ఉన్నవి కూడా అడుగు పెట్టరాని స్థితిలో ఉన్నాయి. ఆయన ఆ సంగతి స్వచ్ఛంద సేవకుల దృష్టికి తెచ్చినప్పుడు, అది తమ పని కాదనీ, పాకీవాని పని అనీ వారు చెప్పారు. గాంధీ ఒక చీపురు అడిగి తీసుకొని, తాను వాడదలచిన పాయఖానాను తానే శుభ్రం చేసుకొన్నారు. తాకిడి ఎక్కువగా ఉండడం వలన అన్నిటినీ కడగడం ఆయన ఒక్కరికీ సాధ్యం కాలేదని ఆత్మకథలో వ్రాసుకొన్నారు.

ఆశ్చర్యమేమంటే, అప్పటికి కలకత్తా మురుగు పారుదల ఏర్పాట్లు లేని నగరం కాదు. విలియం క్లార్క్ అనే ఇంజనీరు 1855లోనే నగరానికి భూగర్భ మురుగు కాలువల పథకం రచించాడు. 1859లో మొదలైన ఆ పని 1875 నాటికి ముగిసింది. పల్తా వద్ద శుద్ధి చేసిన హుగ్లీ నీరు 1870 నుండి నగరానికి అందుతున్నది. కాలువ ఉన్నది, నీరు ఉన్నది. అయినా మనిషి కూర్చునే చోటు మాత్రం శుభ్రంగా లేదు. ఏ నగరంలోనైనా మొదటి రెండూ పురపాలక సంఘం సమకూర్చవలసినవి. మూడవది ఇంటి యజమాని ఎంపికమీద, ఆ ఇంటివారి అలవాటుమీద ఆధారపడినది. ఇల్లు కట్టుకొనేవారు గచ్చుకూ, తలుపులకూ ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా మరుగుదొడ్డి బేసిన్‌కు ఇవ్వరు. కాని ఇంట్లో ప్రతిదినం కడగవలసిన వస్తువు అదే. కడిగేవారి శ్రమ ఎంతో నిర్ణయించేది దాని పైపూత.

గ్లేజు అంటే ఏమిటి?

పింగాణి బేసిన్ మీద కనిపించే మెరుపు రంగు కాదు, వార్నిషూ కాదు. అది పలుచని గాజు పొర. చీనా మట్టి, జిగురు మట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి నీటితో కలిపి పలుచని అడుసుగా చేస్తారు. దానిని ప్లాస్టర్ అచ్చులలో పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకొనగా మట్టి గోడ కడుతుంది. ఆరిన తరువాత దాని మీద గాజు ద్రవ్యాల మిశ్రమాన్ని చల్లుతారు. తెల్లదనం కోసం అందులో జిర్కాన్ అనే ఖనిజపు పొడి చేరుస్తారు. ఆ పిమ్మట సుమారు 1,200 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి లోపలి మట్టి చిక్కబడి రాయివలె గట్టిపడుతుంది. పైపూత కరిగి, గాజై, మట్టితో ఏకమవుతుంది. ఇట్లా తయారైన దానిని విట్రియస్ చైనా అంటారు. భారతీయ ప్రమాణం 2556 ప్రకారం విట్రియస్ చైనా మట్టి తన బరువులో సగటున నూటికి అర పాలుకు మించి నీటిని పీల్చరాదు.

ఈ విద్యకు మన దేశంలో కలకత్తా పాత నిలయం. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కాశింబజార్ మహారాజా మణీంద్ర చంద్ర నంది ప్రోత్సాహంతో అక్కడ పింగాణి కర్మాగారం వెలసింది. జపానులో ఆ విద్య నేర్చివచ్చిన సత్యసుందర దేవ్ దానిని నడిపించారు. అదే తరువాత బెంగాల్ పాటరీస్ అయినది. 1950లో జాదవ్‌పూర్‌లో కేంద్ర గాజు, పింగాణి పరిశోధన సంస్థ ప్రారంభమైనది. తెలుగు నేలకూ ఈ పరిశ్రమతో సంబంధం ఉన్నది. నెల్లూరు జిల్లా అభ్రకపు గనుల ప్రాంతంలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ దొరుకుతాయి. ద్వారకా తిరుమల పరిసరాలలో జిగురు మట్టి లభిస్తుంది. గూడూరులో పింగాణి విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది.

మురికి ఎందుకు అంటుకొంటుంది?

కంటికి నున్నగా కనిపించే ఉపరితలం సూక్ష్మదర్శిని క్రింద కొండలు, లోయలుగా కనబడవచ్చు. ఆ లోయలలో మలినం నిలుస్తుంది. దాని వెంట సూక్ష్మజీవులు చేరి దుర్వాసన పుట్టిస్తాయి. మంచి గ్లేజులో ఈ లోయలు అతి స్వల్పం, రంధ్రాలు ఉండవు. అందుచేత మలినానికి పట్టు దొరకక నీటితోనే జారిపోతుంది. నాసిరకం వస్తువులో గ్లేజు, లోపలి మట్టి చల్లారేటప్పుడు ఒకే తీరున కుంచించుకొనవు. అప్పుడు వెంట్రుకవంటి సన్నని పగుళ్ళు సాలెగూడులా పరచుకొంటాయి. లోపలి మట్టి నీరు పీల్చేదైతే కొంత కాలానికి అది ఉబ్బడం వలన కూడా ఇటువంటి పగుళ్ళు వస్తాయి. పగులులోకి దిగిన మురికిని ఏ బ్రష్షూ తీయలేదు.

నీటి గుణం మరొక ముఖ్య విషయం. కలకత్తాలో తాగేనీటి గొట్టాలు కాక, వడకట్టని గంగనీటిని తెచ్చే గొట్టాల వ్యవస్థ వేరుగా ఏర్పడింది. వీధులు కడగడానికి, మంటలార్పడానికి, పాయఖానాలకు ఆ నీరు వాడుతూ వచ్చారు. అందులోని ఒండ్రు బేసిన్‌లో బూడిదరంగు చార పెడుతుంది. బెంగాల్‌లో ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడే ఇళ్ళలో తుప్పురంగు మరక పడుతుంది. తెలంగాణ, రాయలసీమ గ్రామాలలోని కఠిన జలమైతే తెల్లని సున్నపు పొర కడుతుంది. ఈ పొర గరుకైనది. ఎంత ఖరీదైన గ్లేజు అయినా దాని మీద సున్నపు పొర కట్టిన తరువాత మురికి అంటేది ఆ పొరకే. కాబట్టి కొనడానికి ముందు ఇంటి నీరు ఎటువంటిదో తెలిసికొని ఉండడం మంచిది. లేత రంగు మీద తుప్పు మరక, ముదురు రంగు మీద సున్నపు చార స్ఫుటంగా కనిపిస్తాయి.

దుకాణంలో చేయదగిన పరీక్షలు

కలకత్తాలో పుస్తకాల అంగళ్ళకు పేరుపడ్డ కాలేజ్ స్ట్రీట్‌లోనే శానిటరీ సామాన్ల దుకాణాలు కూడా వరుసగా ఉన్నాయి. పుస్తకం కొనేవాడు నాలుగు పుటలు తిరగవేసి చూస్తాడు. బేసిన్ కొనేవాడు ధర అడిగి, రంగు చూసి, కట్టించుకొని పోతాడు. పుస్తకం నచ్చకపోతే మూల పెట్టవచ్చు. సిమెంటులో పాతిన బేసిన్‌ను ఇరవై ఏళ్ళు భరించవలసిందే. అందుచేత కొన్ని చిన్న పరీక్షలు అవసరం.

మొదటిది వెలుతురు పరీక్ష. బేసిన్‌ను దీపానికి ఏటవాలుగా ఉంచి, దీపపు ప్రతిబింబాన్ని చూడాలి. అది చెదరక స్పష్టంగా ఉంటే గ్లేజు సమంగా పరచుకొన్నదన్నమాట. అలలు, సూదిబెజ్జాలు, పొక్కులు ఉంటే అక్కడే మురికి నిలుస్తుంది.

రెండవది వేలి పరీక్ష. కంటికి కనిపించే చోట అందరూ గ్లేజు వేస్తారు. అంచు క్రింది భాగాన్నీ, నీరు నిలిచే వంపు గొట్టం లోపలి వైపునూ వేలితో తడిమి చూడాలి. చౌక సరుకులో ఆ వంపు లోపల గ్లేజు ఉండదు, చేతికి గరుకుగా తగులుతుంది. దుర్వాసనకు తరచు మూలం అదే. అంచు మడత లేని రకాలలో చీకటి మూల ఉండదు గనుక బ్రష్షు అన్ని చోట్లకూ చేరుతుంది.

మూడవది సిరా పరీక్ష. గ్లేజు లేని అడుగు అంచు మీద ఒక సిరా చుక్క వేసి, కొంతసేపటికి తడిగుడ్డతో తుడవాలి. మంచి విట్రియస్ చైనాలో సిరా లోపలికి ఇంకదు. నీరు పీల్చే మట్టి అయితే చుక్క వ్యాపించి నిలిచిపోతుంది. అదే సిరాను గ్లేజు మీద పూసి తుడిస్తే దాగి ఉన్న పగుళ్ళు గీతలుగా బయటపడతాయి.

నాలుగవది ధ్వని పరీక్ష. కుండ కొనే ఇల్లాలు వేలి కణుపుతో కొట్టి చూసినట్లే దీనినీ కొట్టి చూడాలి. ఖంగుమనే నాదం పగులు లేదనడానికి గుర్తు. బొంగురు ధ్వని వస్తే ఆ వస్తువును వదలివేయడం మేలు.

వీటితోపాటు ఆకారాన్ని కూడా గమనించాలి. మలం పొడి గోడ మీద కాక నీటిలో పడేటట్లు ఉన్న బేసిన్‌కు తక్కువ కడుగుడు చాలు. చదునైన మెట్టు ఉన్నదానికి నీరూ ఎక్కువ కావాలి, శ్రమా ఎక్కువే.

తనంతట తానే శుభ్రపడుతుందా?

ఈ మధ్య కాలంలో గ్లేజుపై మరొక పూత వేసి, తనంతట తానే శుభ్రపడుతుందని ప్రకటించే రకాలు వస్తున్నాయి. వీటిలో కొన్ని నీటిని తామరాకు మీది బిందువులవలె దొర్లిస్తాయి. మరికొన్ని నీటిని పలుచని పొరగా పరచి, మురికి క్రిందికి ఆ నీరు చొచ్చుకొనిపోయేటట్లు చేస్తాయి. టైటానియం డయాక్సైడ్ పూత మరొక తరగతిది. వెలుగు సోకినప్పుడు ఈ పదార్థం నీటిని విడగొట్టగలదని జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించారు. సేంద్రియ మలినాన్ని కూడా అది విచ్ఛిన్నం చేస్తుంది. కాని అది పనిచేయడానికి అతినీలలోహిత కాంతి కావాలి. కిటికీ లేని స్నానాలగదిలో, మూత వేసిన బేసిన్‌లో ఆ కాంతి ఎక్కడిది?

అందుచేత అంగడివానిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పూత గ్లేజుతోపాటు కొలిమిలో కాల్చినదా, లేక తరువాత పైన పూసినదా? కాల్చినది చిరకాలం మన్నుతుంది. పైన పూసినది రాపిడికి, గాఢమైన మందులకు క్రమంగా అరిగిపోతుంది. ఏదైనా సరే, శ్రమను తగ్గిస్తుందే గాని శ్రమ లేకుండా చేయదు.

కొన్నదానిని కాపాడుకొనుట

గ్లేజుకు పెద్ద శత్రువు గరుకుదనం. ఇటుక పొడి, ఇసుక, ఇనుప పీచు వాడితే గాజు పొర మీద గీతలు పడతాయి. గీత పడిన చోట మరుసటి రోజే మురికి చేరుతుంది. దానిని పోగొట్టడానికి ఇంకా గట్టిగా తోమడం, ఇంకా గీతలు పడడం, ఇట్లా కొద్ది సంవత్సరాలలోనే కొత్త బేసిన్ పాతదవుతుంది. ప్రతిదినం మెత్తని బ్రష్షు, సబ్బునీరు చాలు. సున్నపు పొర పలుచగా ఉన్నప్పుడే నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి, నాననిచ్చి తోమితే వదలిపోతుంది. గాఢమైన ఆసిడ్‌ను తరచు పోస్తే అతుకుల సిమెంటు, లోహపు భాగాలు తినివేయబడతాయి. సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులు చస్తాయి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపరాదు. వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణాపాయం కలిగించగలదు.

నునుపు విలాసం కాదు

బేసిన్ నునుపు గురించి ఇంత విచారమా అని ఎవరైనా అనవచ్చు. దానికి సమాధానం పట్నాలో లభిస్తుంది. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ ఏటవాలు ఎక్కువగా ఉన్న బేసిన్‌ను, తక్కువ లోతు నీటి బంధాన్ని కలిపి వాడింది. దానితో ఒకటిన్నర, రెండు లీటర్ల నీటితోనే మలం గుంటలోకి జారిపోయే మరుగుదొడ్డి సాధ్యమైనది. గరుకు సిమెంటు బేసిన్‌కు బిందెడు నీరు కావలసిన చోట చెంబెడు నీరు చాలినది. దూరం నుండి నీరు మోసుకొని వచ్చే స్త్రీకి ఈ తేడా ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పొడి పాయఖానా స్థానంలో ఇటువంటి దొడ్డి వచ్చిన ప్రతి ఇంటా, మలాన్ని చేతితో ఎత్తే మనిషి అవసరం తీరిపోయింది.

ఆ వృత్తిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత కట్టుదిట్టమైన చట్టం వచ్చాయి. కోలారు బంగారు గనులలో ఆ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ వృత్తి నిర్మూలనకే జీవితాన్ని అంకితం చేశారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇల్లు కట్టించే యజమానికి బేసిన్ ఖర్చు ఒక్కసారి మాత్రమే వచ్చేది. దానిని కడిగే శ్రమ ప్రతిరోజూ వచ్చేది. ఆ శ్రమ సాధారణంగా ఇంటి ఇల్లాలిదో, పనిమనిషిదో అవుతుంది. ధర నిర్ణయించేవారు ఒకరు, కడిగేవారు మరొకరు అయిన చోట నాసిరకం సరుకు సులభంగా ఇల్లు చేరుతుంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు కడిగేవారిని కూడా వెంట తీసుకొనిపోయి, వంపు లోపల వేలు పెట్టి చూడమనడం మంచిది. ఇంటికి తెచ్చిన పిమ్మట వారంలో ఒక్కరోజైనా యజమాని తానే బ్రష్షు పట్టుకొంటే, ఎంపిక సరియైనదో కాదో ఆయనకు మరొకరు చెప్పనక్కరలేదు.